పాత స్పోర్ట్స్ కారు ముందు సస్పెన్షన్, బ్రేకులు: ఏది ముందు మార్చాలి, ఎలా మార్చాలి

పాత స్పోర్ట్స్ కారు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని కేటలాగు తెరిచి నాలుగు పిస్టన్ల కాలిపర్లు (బ్రేకు డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు), లావు యాంటీ రోల్ బార్లు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీలు), కాయిల్ ఓవర్ కిట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి వచ్చేవి) చూస్తూ కూర్చోవడం. కారు కింద దూరి చూస్తేనేమో బుష్షులు (కీళ్ళ దగ్గర ఉండే తొడుగులు) పిండిపిండి అయిపోయి ఉంటాయి, కింగ్ పిన్ (స్టీరింగు తిప్పితే ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ నిలువు ఇరుసు) లొడలొడలాడుతుంటుంది, బ్రేక్ ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంటుంది. వీటి మీద ఎంత ఖరీదైన సామాను బిగించినా కారు బాగుపడదు. ముందు ఉన్నదాన్ని కొత్త కారులో ఎలా ఉండేదో అలా చేయండి, కొన్నాళ్ళు నడపండి, ఆ తర్వాత కూడా ఏదైనా తక్కువ అనిపిస్తే అది మాత్రమే మార్చండి. నేను కింద రాసేదంతా ఆ వరుసలోనే ఉంటుంది.

ఉదాహరణకి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తీసుకుంటున్నాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి సామాను దొరకడం తేలిక, కిట్లయితే లెక్కే లేదు. దాని ముందు సస్పెన్షన్ మాత్రం కారు కంటే పాతది. మినీ కారు గీసిన అలెక్ ఇసిగోనిస్ అంతకుముందెప్పుడో చేసిన డిజైన్ అది, 1947లో ఎంజీ వై టైప్‌లో వచ్చి, టీడీ, ఎంజీఏ మీదుగా దీనిలోకి దిగింది. కింద విష్‌బోన్ (చక్రాన్ని కారుకి కలిపే, పైకీ కిందకీ కదిలే చేయి), మధ్యలో కాయిల్ స్ప్రింగు, పైన లివర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్. ఈ షాక్ అబ్జార్బర్ చేతులే పై విష్‌బోన్ పని కూడా చేస్తాయి, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మీది ట్రయంఫో డాట్సనో అయితే కొలతలు, బోల్టుల సైజులు మారతాయి గానీ పని వరుస ఇంచుమించు ఇదే. ఏ కారైనా సరే, ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన లేకుండా పానా పట్టుకోవద్దు.

విప్పకముందే చూడాల్సినవి

ముందు చక్రం నేలనుంచి లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైన ఒక చేయి కింద ఒక చేయి వేసి ఊపండి. ఆట, అంటే వదులుగా కదలడం, ఉంటే ఇంకొకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే అది వీల్ బేరింగు, తొక్కినా అలాగే ఉందంటే కింగ్ పిన్ లేదా దాని పైనా కిందా ఉన్న బుష్షులు. తర్వాత చేతులు అడ్డంగా, అంటే కుడిపక్కా ఎడమపక్కా వేసి ఊపితే ట్రాక్ రాడ్ ఎండ్, అంటే స్టీరింగు కడ్డీ చివరి కీలు, సంగతి తెలుస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే పెద్ద బ్రేకులు ఆర్డర్ పెట్టేవాళ్ళు బోలెడుమంది.

ఇప్పుడు షాక్ అబ్జార్బర్. కారు మూలని గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి. ఇంకా ఊగుతోందంటే దానిలో ఆయిల్ తగ్గిందో వాల్వు అరిగిందో. దానికంటే ముఖ్యమైనది దాని షాఫ్టు. చేతులే పై విష్‌బోన్ అని పైన చెప్పాను కదా, కాబట్టి షాఫ్టు దగ్గర బుష్ అరిగితే ఆయిల్ కారడం ఒక్కటే కాదు, చక్రం నిలువు కోణం కూడా ఇష్టమొచ్చినట్టు మారుతుంది. అలాంటప్పుడు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బు దండగ. షాఫ్టు దగ్గర తడి, ఆట రెండూ కనిపిస్తే బాగుచేయించినదాన్ని మార్పిడి మీద తెచ్చుకోవడమే, ఆయిల్ పోసి సరిపెట్టుకోవడం కుదరదు.

స్ప్రింగు తీయడం

మొత్తం పనిలో ప్రాణం మీదకి వచ్చే భాగం ఇదొక్కటే. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగు ఒక్కసారిగా బయటికి వచ్చిందంటే ఎముకలు విరుగుతాయి, అంతకంటే ఘోరం కూడా జరగవచ్చు. కారుని ఎప్పుడూ జాకీ మీద వదిలేసి పని చేయకండి. చాసిస్ కింద గట్టి చోట రెండు స్టాండులు, చదునైన కాంక్రీటు నేల, వెనక చక్రాలకి అడ్డాలు తప్పనిసరి.

చక్రం తీసి, కాలిపర్ విప్పి తీగతో పైకి కట్టేయండి, రబ్బరు పైపు మీద వేలాడనివ్వద్దు. స్టీరింగు ట్రాక్ రాడ్ ఎండ్, యాంటీ రోల్ బార్ లింకు విప్పండి. ట్రాక్ రాడ్ ఎండ్ టేపర్‌లో, అంటే ఒకవైపు సన్నబడే రంధ్రంలో, బిగుసుకుపోయి ఉంటుంది, నట్టు నాలుగు చుట్లు వదులు చేసి, అలాగే ఉంచి, స్టీరింగు ఆర్మ్ కన్ను పక్కన సుత్తితో గట్టిగా ఒక్కటిస్తే చాలావరకు వదులుతుంది. ఇప్పుడు ట్రాలీ జాకీని సరిగ్గా స్ప్రింగు పాన్, అంటే స్ప్రింగు కూర్చునే పళ్ళెం, కింద పెట్టి, స్ప్రింగు బరువు జాకీ మీదకి వచ్చేదాకా లేపండి. పై ట్రనియన్ బోల్టు, అంటే షాక్ అబ్జార్బర్ చేతుల్ని కింగ్ పిన్‌తో కలిపే బోల్టు తీసేయండి. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మొత్తాన్ని బయటికి వాల్చి, జాకీని మెల్లగా, చాలా మెల్లగా దించండి. స్ప్రింగు వదులై చేతికి వస్తుంది. దించుతున్నంతసేపూ మీ ముఖం గానీ మోకాళ్ళు గానీ స్ప్రింగు ఎదురుగా ఉండకూడదు. జాకీ వాలుగా పోతున్నట్టు అనిపిస్తే ఆపి, మళ్ళీ లేపి, సరిగ్గా పెట్టుకోండి.

రెండు పక్కలా పని చేయాల్సి ఉంటే ఇంకో దారి కూడా ఉంది. ఎంజీబీలో ముందు క్రాస్ మెంబర్, అంటే అడ్డంగా ఉండే లోహపు దూలం, నాలుగు పెద్ద బోల్టులతో బాడీకి బిగించి ఉంటుంది, స్టీరింగు ర్యాకు, సస్పెన్షన్ అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ మొత్తం అసెంబ్లీని కిందకి దించి బల్ల మీద పెట్టుకుంటే నడుం నొప్పి లేకుండా పని అవుతుంది, తుప్పు గీకి రంగు వేసుకోవచ్చు, క్రాస్ మెంబర్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు ప్యాడ్లు కూడా మార్చేసుకోవచ్చు. స్ప్రింగుల్లో మాత్రం బలం అలాగే ఉంటుంది. ఇంజను బరువు పైన ఉండదు కాబట్టి బల్ల మీద జాకీతో నొక్కే పద్ధతి పని చేయదు. అందుకే దించకముందే, కారు బరువు ఉండగానే స్ప్రింగులు తీసేయడం మంచిది.

కింగ్ పిన్ కింది బోల్టు దగ్గర తిట్లు మొదలవుతాయి. ఏళ్ళ తరబడి గ్రీజు అందక ఆ బోల్టు, దాని చుట్టూ ఉన్న గొట్టం ఒకటైపోతాయి. నూనె పోసి, వేడిచేసి, సుత్తితో బాది ఒక పూట పాడుచేసుకునే బదులు రెండు వైపులా రంపంతో కోసేయండి. ఎలాగూ ఆ బోల్టు, గొట్టం, వాషర్లు, సీళ్ళు కొత్తవి వేయాలి. కింగ్ పిన్ బుష్షులు మార్చాలంటే కొత్త బుష్ నొక్కాక రీమర్‌తో సరైన సైజుకి తియ్యాలి, ఆ రీమర్ ఇంట్లో ఉండదు. అందుకని బుష్షులు బిగించి రీమ్ చేసి ఇచ్చే సెట్టు కొనుక్కోవడం లేదా మెషిన్ షాపులో చేయించుకోవడం ఉత్తమం.

ఏ బుష్షులు వేయాలి

దీని మీద వాదనలు ఎప్పటికీ తెగవు, నా అభిప్రాయం చెప్పేస్తాను. కింది విష్‌బోన్ లోపలి చివర మామూలు ఎంజీబీకి రెండు ముక్కల రబ్బరు బుష్షులు వస్తాయి, మెత్తగా ఉంటాయి, త్వరగా నలిగిపోతాయి. ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌కి వేసిన బుష్షులు లోపలా బయటా లోహపు గొట్టం, మధ్యలో రబ్బరు ఉన్న రకం. మామూలు ఎంజీబీకి కూడా సరిగ్గా సరిపోతాయి. రోడ్డు మీద నడిపే కారుకి ఇవే వేయండి. స్టీరింగు స్పష్టంగా తెలుస్తుంది, పళ్ళు కదిలిపోయేంత గట్టిదనం ఉండదు. పాలీయురెథేన్ బుష్షులు ఇంకా గట్టివి, మన్నుతాయి కూడా, కానీ వాటితోపాటు వచ్చే సిలికాన్ గ్రీజు పూయకుండా బిగిస్తే ప్రతి గుంతకీ కీచుమంటాయి. ట్రాక్ మీదకి వెళ్ళే ఉద్దేశం ఉంటే సరే.

వీ8 బుష్షుల్లాంటివి బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త: నట్లు చేతి బిగువుగా మాత్రమే పెట్టి, చివరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. ఈ రకంలో రబ్బరు గొట్టానికి అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది అంతే. విష్‌బోన్ కిందకి వేలాడుతున్నప్పుడు బిగించేస్తే కారు దించగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొద్దికాలానికే చిరిగిపోతుంది, కారు కూడా కాస్త ఎత్తుగా నిలబడుతుంది. పాలీ బుష్ గొట్టం మీద తిరుగుతుంది కాబట్టి దానికి ఈ గొడవ లేదు.

లావు బార్లు, పొట్టి స్ప్రింగులు, కిట్లు

యాంటీ రోల్ బార్ లావు కొద్దిగా పెంచినా ప్రభావం చాలా ఎక్కువ. బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే 5/8 అంగుళం బార్ తీసి 3/4 వేస్తే గట్టిదనం సుమారు రెండింతలు, 7/8 వేస్తే నాలుగింతలకి దగ్గర. మలుపుల్లో కారు ఒరగడం తగ్గుతుంది, నిజమే, కానీ ముందు భాగం ఒక్కటే అంత గట్టిపడితే మలుపులో ముక్కు బయటికి పోతుంది, తిప్పినంత తిరగదు. రోడ్డు కారుకి 3/4 దగ్గర ఆగిపోవడం తెలివైన పని.

ఎత్తు తగ్గించే స్ప్రింగుల గురించి క్లుప్తంగా: బంప్ స్టాపు (సస్పెన్షన్ పైకి పోయినప్పుడు చివర ఆపే) రబ్బరుకీ దాన్ని తాకే భాగానికీ మధ్య ఖాళీ ఎంత మిగులుతుందో ముందే చూసుకోండి. ఖాళీ లేకపోతే ప్రతి గుంతకీ సస్పెన్షన్ చివరికంటా పోయి కొట్టుకుంటుంది, కారు ఎంత అందంగా కనిపించినా నడపబుద్ధి కాదు. 1974 తర్వాత వచ్చిన రబ్బరు బంపర్ మోడళ్ళని అమెరికా నిబంధనల కోసం ఫ్యాక్టరీలోనే ఎత్తు పెంచారు, వాటిని పాత ఎత్తుకి దించితే మాత్రం నిజంగా లాభం ఉంది.

టెలిస్కోపిక్ షాక్ అబ్జార్బర్ కిట్లు చాలావాటిలో లివర్ ఆర్మ్ అలాగే ఉంటుంది, పై విష్‌బోన్‌గా దాని అవసరం పోదు కదా, దాని లోపలి వాల్వు పని మాత్రం తీసేసి పక్కన గొట్టం లాంటి షాక్ అబ్జార్బర్ తగిలిస్తారు. అంటే అరిగిన షాఫ్టు ఆట అలాగే మిగిలిపోతుంది. దానికి బదులు బాగుచేసిన లివర్ ఆర్మ్‌లో కాస్త గట్టి వాల్వు వేయించుకుంటే తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం. క్రాస్ మెంబర్ సహా మొత్తం మార్చే కాయిల్ ఓవర్ కిట్లు మంచివే, కానీ అవి వేసే ముందు ఆ కారుని దేనికి వాడుతున్నారో నిజాయితీగా ఆలోచించుకోండి.

బ్రేకుల దగ్గరికి వద్దాం

మీ పాత బ్రేకులు నాలుగు చక్రాల్నీ లాక్ చేయగలుగుతున్నాయంటే, పెద్ద బ్రేకులు వేసినంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగదు. ఆపేది టైరు పట్టు. పాత గట్టిపడిన టైర్లు ఉంటే ముందు టైర్లు మార్చండి, అదే అన్నిటికంటే పెద్ద బ్రేక్ అప్‌గ్రేడ్. పెద్ద డిస్కు, పెద్ద కాలిపర్ ఇచ్చేది వేడిని తట్టుకునే శక్తి, ఘాట్ రోడ్డు మీద దిగేటప్పుడో ట్రాక్ మీదో పదే పదే తొక్కినా పట్టు తగ్గకుండా ఉండడం. సర్వో, అంటే బ్రేకు తొక్కడంలో సాయపడే పరికరం, కూడా అంతే, కాలి మీద భారం తగ్గిస్తుంది తప్ప ఆగే దూరాన్ని తగ్గించదు.

ఎంజీబీకి ముందు 10.75 అంగుళాల డిస్కులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు. ఆ బరువున్న కారుకి మామూలు వాడకంలో ఇవి సరిపోతాయి. కాబట్టి మొదటి విడత ఇది: కొత్త డిస్కులు, మంచి ప్యాడ్లు, పట్టేయని పిస్టన్లు, స్టీల్ అల్లిక ఉన్న పైపులు, కొత్త బ్రేక్ ఆయిల్. ఇంతటితోనే చాలామందికి సరిపోతుంది.

పని మొదలుపెట్టేముందు ఒక మాట, పాత ప్యాడ్లు, షూల పొడిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గాలి కొట్టి దులపకండి, బ్రషుతో ఊడ్చకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పడేయండి.

ఈ కారులో డిస్కు హబ్‌కి వెనక నుంచి బిగించి ఉంటుంది, హబ్ ఊడదీయకుండా రాదు. హబ్ తీస్తే బేరింగుల మధ్య ఒక గొట్టంలాంటి స్పేసరు, కొన్ని పల్చటి షిమ్ములు కనిపిస్తాయి. "కొత్త కార్లలో ఇవి ఉండవు కదా" అని పక్కన పడేసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. స్పేసరు ఉన్నప్పుడే నట్టు గట్టిగా బిగించగలం, అలా బిగిస్తేనే స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే పొట్టి ఇరుసు) వంగకుండా బలంగా ఉంటుంది. షిమ్ములు కలుపుతూ తీస్తూ 0.002 నుంచి 0.004 అంగుళాల ఆట, అంటే 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు వచ్చేలా చూసి, నట్టుని 40 నుంచి 70 పౌండ్ అడుగుల మధ్య బిగించి, స్ప్లిట్ పిన్ రంధ్రం కుదిరిన చోట ఆపి, కొత్త పిన్ వేయండి. డయల్ గేజి ఉంటే డిస్కు వంకర కూడా చూడండి, 0.1 మిల్లీమీటరు దాటితే పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. డిస్కు వంకర అనుకున్నది చాలాసార్లు హబ్‌కీ డిస్కుకీ మధ్య మిగిలిపోయిన తుప్పే.

కాలిపర్ పిస్టన్లు తుప్పు పట్టి ఉంటే స్టెయిన్‌లెస్ పిస్టన్లు, కొత్త సీళ్ళు వేసుకోవచ్చు. పిస్టన్లు బయటికి తీయడానికి బ్రేక్ పెడల్‌నే వాడండి, లేకపోతే తక్కువ ఒత్తిడిలో గాలి, అదీ మధ్యలో చెక్కముక్క అడ్డంపెట్టి. కాలిపర్ రెండు భాగాల్ని కలిపే బోల్టులు మాత్రం ముట్టుకోవద్దు. సీళ్ళకి బ్రేక్ ఆయిల్ గానీ రబ్బరు గ్రీజు గానీ రాయాలి, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

పాత రబ్బరు పైపులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కితే ఆయిల్ వెళ్తుంది, వదిలితే వెనక్కి రాదు, దాంతో ఒక పక్క బ్రేకు పట్టుకునే ఉంటుంది. కాలిపర్ పాడైందని మార్చి మార్చి విసిగిపోయేవాళ్ళకి కారణం చాలావరకు ఈ పైపే. కొత్తవి కొనేటప్పుడు మరలు జాగ్రత్త: 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల కొలత మర), 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదానిలో ఒకటి కొన్ని చుట్లు ఎక్కుతాయి కూడా, కానీ పట్టు ఉండదు, పెడల్ గట్టిగా తొక్కిన రోజు ఊడుతుంది. పైపు బిగించాక స్టీరింగు ఆ చివరినుంచి ఈ చివరికి తిప్పి ఎక్కడా లాగడం, రాసుకోవడం లేదని చూసుకోండి.

నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేసే తీరతాం అంటే రెండు లెక్కలు చూడండి. ఒకటి, అన్ని పిస్టన్ల మొత్తం వైశాల్యం పాతదానికంటే ఎంత పెరుగుతోంది. వైశాల్యం పెరిగితే అదే మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని బ్రేకులకి తోసే సిలిండర్) పెడల్ ఇంకా కిందకి పోతుంది. పెడల్ పొట్టిగా గట్టిగా ఉండాలని పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే తొక్కే బలం పెరుగుతుంది. రెండూ ఒకేసారి దొరకవు. రెండోది ముందు వెనకల సమతూకం. ముందు బ్రేకు బలం బాగా పెంచేసి వెనక డ్రమ్ములు అలాగే వదిలేస్తే ముందు చక్రాలు ముందే లాక్ అయిపోయి, వెనక టైర్ల పట్టు వృథా అవుతుంది. దీన్ని సరిచేద్దామని వెనక మరీ బలం పెంచితే అసలుకే మోసం, వెనక చక్రాలు ముందు లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. ఇక చక్రం లోపల కాలిపర్ పడుతుందో లేదో అట్టముక్కతో నమూనా కోసి చూసుకున్నాకే కొనండి, 14 అంగుళాల చక్రాల్లో, ముఖ్యంగా తీగల చక్రాల్లో, జాగా చాలా తక్కువ.

ఆయిల్, గాలి తీయడం

డాట్ 4 వాడండి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు, అందుకే రెండేళ్ళకోసారి మార్చమనేది. డాట్ 5 అంటే సిలికాన్, రంగు పాడుచేయదు, తేమ పీల్చదు, కానీ దాన్ని డాట్ 3, 4తో కలపకూడదు. డాట్ 5.1 పేరు చూసి అది కూడా సిలికాన్ అనుకోకండి, అది డాట్ 4 జాతిదే. డాట్ 4 చుక్క పడితే పెయింటు లేచిపోతుంది, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకోండి.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి, మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించండి. ఎంత తీసినా పెడల్ మెత్తగానే ఉంటే బ్లీడ్ నిపుల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) ఎక్కడుందో చూడండి. అది కాలిపర్ పైభాగంలో ఉండాలి. కిందకి ఉందంటే కుడి కాలిపర్ ఎడమకీ ఎడమది కుడికీ బిగించారన్నమాట, గాలి ఎప్పటికీ బయటికి రాదు. డ్రమ్ముల అడ్జస్టర్లు వదులుగా ఉన్నా పెడల్ లోతుగా పోతుంది, అది గాలి అనుకుని ఆయిల్ అంతా వృథా చేయకండి.

రోడ్డెక్కే ముందు

కారు దించి, ముందు బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు ఊపి, కొద్దిగా ముందుకీ వెనక్కీ తోసి, సస్పెన్షన్ కుదురుకున్నాక విష్‌బోన్ నట్లు పూర్తిగా బిగించండి. టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు వెనక అంచులకంటే ఎంత దగ్గరగా ఉన్నాయో ఆ తేడా) 1/16 నుంచి 3/32 అంగుళం దాకా ఉండాలి, ఇంట్లో తాడుతో సుమారుగా పెట్టుకుని తర్వాత అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్ళండి. ఒక్కో పక్క కింగ్ పిన్‌కి మూడేసి గ్రీజు నిపుల్స్ ఉంటాయి, చక్రం గాలిలో ఉండగా కొడితే గ్రీజు బాగా లోపలికి పోతుంది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి కార్లున్నవాళ్ళు కింది ట్రనియన్‌కి గ్రీజు కొట్టొద్దు, దానికి గేర్ ఆయిల్ పోయాలి, లేకపోతే ఒకరోజు చక్రం పక్కకి పడిపోతుంది.

కారు కదలకముందే పెడల్ పదిసార్లు తొక్కి ప్యాడ్లు డిస్కుని తాకేలా చేయండి, లేదంటే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేరుగా నేలకి పోతుంది. ఖాళీ రోడ్డు మీద నడక వేగంలో ఒకసారి ఆపి చూడండి, పక్కకి లాగకపోతే ప్యాడ్లు కుదిర్చే పని: గంటకి 60 కిలోమీటర్ల నుంచి 15 దాకా మామూలుగా బ్రేకు వేస్తూ తగ్గించడం, పూర్తిగా ఆపకపోవడం, మధ్యలో కొంతదూరం చల్లారనిచ్చి మళ్ళీ చేయడం, ఇలా ఎనిమిది పదిసార్లు. ప్యాడ్ల తయారీదారు వేరే పద్ధతి చెబితే అది చేయండి. తిరిగొచ్చాక నాలుగు హబ్‌ల దగ్గరా, తాకకుండా, చేయి దగ్గరగా పెట్టి వేడి చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క ఏదో పట్టేస్తోంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత పైపుల కీళ్ళ దగ్గర తడి ఉందేమో చూసి, కాలిపర్ బోల్టులు, విష్‌బోన్ నట్లు, చక్రాల నట్లు టార్క్ రెంచితో మరోసారి సరిచూసుకోండి. ఆ తర్వాత 5,000 కిలోమీటర్లకోసారి కింగ్ పిన్లకి గ్రీజు.